లెక్కకు తెలుగు నేర్పిన పావులూరి మల్లన

రాజమహేంద్రవరమున నన్నయభట్టారకుడు భారతమును తెనుగు చేసిన శతాబ్దిలోనే, లేక ఆ శతాబ్ది ముగిసిన కొలదికాలమునకే, మరియొక ఆంధ్రుడు మరియొక సంస్కృతగ్రంథమును ముందిడుకొని కూర్చుండెను. ఆ గ్రంథమున రాజులు లేరు, యుద్ధములు లేవు, శకుంతల లేదు. ఉన్నవెల్ల ఒంటెల మందలు, తుమ్మెదల గుంపులు, వడ్డీలు, బంగారపు వన్నెలు, పొలముల కొలతలు, గోతుల లోతులు, నీడల పొడవులు. వానినతడు పద్యములుగా తెనిగించెను. ఆ గ్రంథము సారసంగ్రహ గణితము. దానినే మన పూర్వులు పావులూరి గణితమనిరి. కర్త పావులూరి మల్లన.

సాహిత్యచరిత్రలలో మల్లనకు దక్కిన చోటు మిక్కిలి స్వల్పము. నన్నయను గూర్చి ప్రకరణములకు ప్రకరణములు వ్రాసి, ఆ పిమ్మట ఒక్క పేరాలో మల్లన పేరు చెప్పి, తెలుగున తొలి శాస్త్రగ్రంథము ఇతనిదని ముగించి ముందునకు సాగుట మనకలవాటు. ఇబ్రహీంపట్టణములో ఇరువదియైదేండ్లుగా తెలుగు చెప్పుచున్న నేనును అట్లే సాగితిని. ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా తప్ప ఆ పేరు నా విద్యార్థుల నోట వినబడలేదు. కొలది సంవత్సరముల క్రిందట జరిగిన చిన్న సంఘటన నన్నాపినది. అది తరువాత చెప్పెదను. మొదట మల్లన సంగతి.

ఇతని ఇంటిపేరు ఊరిపేరే. ఆ పావులూరు కమ్మనాటిలోనిది. బాపట్ల జిల్లాలో ఇంకొల్లు చెంత నేటికిని ఆ పేరిటి గ్రామము కలదు. మల్లన శైవుడు. పిఠాపురము దాపుననున్న నవఖండవాడ అను గ్రామమును మల్లన అనువాడు తూర్పు చాళుక్యప్రభువైన రాజరాజనరేంద్రునివలన పొందెనని గ్రంథమువలన తెలియుచున్నది. ఆ పొందినవాడు కవియే యని కొందరు పండితులు చెప్పిరి. కాదు, అతడు కవికి తాత, మనుమనికి తాతపేరు పెట్టిరి, నడుమ తండ్రి శివన్న యని మరికొందరు వాదించిరి. మొదటి మాట నిజమైనచో మల్లన నన్నయకు సమకాలికుడు. ఒకే ప్రభువు ఆదరమున ఒకరు భారతమును, ఒకరు గణితమును తెలుగునకు తెచ్చిరన్నమాట. రెండవది నిజమైనచో కవి రెండు తరముల తరువాతివాడు, అనగా పదునొకండవ శతాబ్ది చివరను పండ్రెండవ శతాబ్ది మొదటను జీవించినవాడు. తాతపేరు మనుమనికి పెట్టుట మన ఇండ్లలో నేటికిని చూచుచున్నదే కావున రెండవ వాదము నాకసహజముగా తోచదు. ఏది నిజమైనను, నన్నయ విడిచిన భారతము తిక్కన చేతికి రాకముందే తెలుగులో గణితము వెలసినది. ఇది చిన్నమాట కాదు.

మూలకర్త మహావీరాచార్యుడు జైనుడు. రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ.శ. 850 ప్రాంతమున, గణితసారసంగ్రహమును రచించెను. ఆ చక్రవర్తి రాజధాని మాన్యఖేటము, నేటి కర్ణాటకములోని మల్ఖేడ్. సికింద్రాబాదునుండి తాండూరు మీదుగా వాడి పోవు రైలెక్కినవారు ఆ పేరిటి స్టేషనును దాటియే పోవుదురు. మహావీరుడు గ్రహగతులను ప్రక్కనుంచి గణితమునకే ఒక సంపూర్ణగ్రంథమును కేటాయించెను. తొమ్మిది అధ్యాయములు, వేయికి మించిన శ్లోకములు. గుణకారభాగహారములతో మొదలై భిన్నములు, త్రైరాశికము, మిశ్రకము, క్షేత్రములు, ఖాతములు, నీడల వరకు పోవును. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులైన ఎం. రంగాచార్యులు దీనిని ఆంగ్లానువాదముతో 1912లో ప్రకటించిన పిమ్మట పాశ్చాత్యులకు ఈ గ్రంథము తెలిసినది.

మహావీరుని బుద్ధి ఎంత దూరము పోయినదో చెప్పుటకు ఒక్క విషయము చాలును. ఋణరాశి ఏ రాశికిని వర్గము కాజాలదు గనుక దానికి వర్గమూలము లేదని ఆయన స్పష్టముగా చెప్పెను. సంకీర్ణసంఖ్యల పాఠము మొదటి దినమున మన గణితోపాధ్యాయులు చెప్పు మాట ఇదియే. అట్టివాడే ఒకచోట తప్పెను. సున్నతో భాగించినను సంఖ్య మారదని వ్రాసెను. 1150లో భాస్కరాచార్యుడు ఆ రాశిని ఖహరమని పిలిచి అనంతముగా భావించెను. అవధి అను భావము తెలిసిన నేటి ఇంటర్మీడియెట్ విద్యార్థి ఇద్దరినీ దాటి, భాజకము సున్నకు చేరువగుకొలది భాగఫలము పరిమాణమున హద్దు లేక పెరుగుననియు, భాజకము సరిగా సున్నయైనచో ఆ భాగహారమునకు అర్థమే లేదనియు చెప్పగలడు. కలనగణితము నేర్చినవాడు తెలియకయే ఆ పెద్దలతో వాదమున కూర్చున్నవాడగును.

ఇట్టి గ్రంథమును మల్లన చేతపట్టెను. అతడు మాటకు మాట మార్చు అనువాదకుడు కాడు. జైనుడైన మూలకర్త ఉదాహరణములలో జినాలయములు, జినపూజలు కనబడును. శైవుడైన మల్లన వాని స్థానమున శివునికి సంబంధించినవానిని నిలిపెను. ఇది మతాభిమానమని ఎవరైన అనవచ్చును. నాకు మాత్రము ఇది ఉపాధ్యాయుని పని. లెక్కలో పూలు ఏ దేవుని పాదములపై పడినను మొత్తము మారదు. కాని ఆ పూలు బాలుడు నిన్న సాయంకాలము చూచిన గుడిలోనివైనచో వాడు లెక్కను వెంటనే లోనికి తీసికొనును.

అంతకంటె ముఖ్యమైనది అతడు వదలినది. ఒక సంఖ్యను వర్గము చేయుటకు, ఘనము చేయుటకు మహావీరుడు పెక్కు విధములు చూపెను. మల్లన ఒక్క విధమును గ్రహించి తక్కినవానిని విడిచెను. తొలుత దీనిని చదివినపుడు నాకు చిన్నతనముగా తోచినది. మూలములోని సంపదను తెలుగువానికి దక్కనీయలేదని నొచ్చుకొంటిని. నేటికిని ఆ నొప్పి పూర్తిగా పోలేదు. ఒకే సంఖ్యను అయిదు దారుల పట్టుకొనుటలో గణితజ్ఞునికి కలుగు ఆనందము వేరు. దానిని మల్లన మనకు తగ్గించిన మాట నిజము. కాని ఒకే సమాకలనమునకు నాలుగు కిటుకులు బట్టీపట్టి, పరీక్షగదిలో ఏది వాడవలెనో తేల్చుకొనలేక చేతులు నలుపుకొను పిల్లలను చూచిన తరువాత, మల్లన ఎవరి కొరకు వ్రాసెనో నాకు బోధపడినది. అతని ఎదుట కూర్చున్నది పండితుడు కాదు. సంస్కృతము రాని తెలుగు బాలుడు.

తగ్గించినవాడే పెంచినచోట్లును కలవు. మూలమున గుణకారమునకు ఇచ్చిన ఉదాహరణములలో కొన్నింటి ఫలము హారమువలె రెండు కొనలనుండియు ఒకే తీరుగా నుండును. 139ని 109తో గుణించిన 15151. 14287143ను 7తో గుణించిన 100010001. 27994681ని 441తో గుణించిన 12345654321. 152207ను 73తో గుణించిన ఎనిమిది ఒకట్లు. మల్లనకు ఇవి ఎంత నచ్చినవో, ఇట్టి ఫలములు వచ్చు ఉదాహరణములను తన సొంతముగా మరికొన్నింటిని చేర్చెను. చివరిదానిని తరగతిలో విప్పి చూపవచ్చును. ఎనిమిది ఒకట్ల సంఖ్య 1111ను 10001తో గుణించిన ఫలమే. 10001 మరల 73, 137ల లబ్ధము. 1111ను 137తో గుణించిన 152207. కావున 73 ఒక్కటి మిగిలినది. దానిని ప్రశ్నగా నిలిపిరి. ఫలమును ముందు ఊహించి, దానిని కారణాంకములుగా విడగొట్టి, ముక్కలను రెండు గుంపులు చేసినగాని ఇట్టి లెక్కను కూర్చలేము. లెక్క చేయువాడు ముందునకు నడచును. లెక్క కూర్చువాడు వెనుకకు నడచును. బాలునికి గుణకారము విసుగు పుట్టించు పని. చివర హారము దొరకునన్న ఆశ ఉన్నచో వాడు తప్పు లేకుండ చేయును, తప్పు చేసినచో హారము తెగినదని తనకే తెలియును. ఉపాధ్యాయుడు దిద్దనక్కరలేదు.

పావులూరి పేర ప్రసిద్ధమైన మరియొక పద్యము చదరంగమును గూర్చినది. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులలోను ఇబ్బడి ముబ్బడిగా పెంచుకొనిపోయినచో మొత్తమెంత అను ప్రశ్నకు జవాబది. మొత్తమును ఇబ్బడించి, అందుండి మొదటి మొత్తమును తీసివేసినచో నడుమ పదములన్నియు కొట్టుకొనిపోయి 2 యొక్క 64వ ఘాతమునుండి 1 తగ్గించిన సంఖ్య మిగులును. గుణశ్రేఢి పాఠమున ఇది అందరెరిగినదే. ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెలు. దీనిని వృత్తములో ఎట్లు పెట్టుట? పూర్వుల భూతసంఖ్యాపద్ధతి ఉపకరించినది. చంద్రుడు ఒక్కడు గనుక చంద్రుడనిన 1. మన్మథుని బాణములు అయిదు గనుక బాణమనిన 5. వేదములు 4, తర్కము 6, కులపర్వతములు 7, దిగ్గజములు 8, ఆకాశము సున్న. ఒక్కొక్క అంకెకు పర్యాయపదములు పెక్కు కలవు కావున ఛందస్సునకు సరిపడునది ఏరుకొనవచ్చును. ఒకట్ల స్థానమునుండి ఎడమకు చదువుచు పోవలెను. ఇందొక ప్రయోజనము కలదు. అంకెలు వ్రాసిన తాటాకులో ఒక అంకె జారిపోయినచో కనిపెట్టువాడు లేడు. పద్యములో ఒక మాట జారినచో గణభంగమై పామరునికి కూడ చెవికి తగులును. ఛందస్సే కావలి. వ్యాకరణము, ఛందస్సు చెప్పి బ్రతుకు నావంటివానికి ఈ మాట వ్రాయుట ఎంత సంతోషమో చెప్పనక్కరలేదు.

ఇక ఆ సంఘటన. మా కళాశాలలో గణితోపన్యాసకుడైన మిత్రుడొకనాడు ఇంటర్మీడియెట్ పిల్లలకు గరిష్ఠ కనిష్ఠముల లెక్క నిచ్చెను. మా ఊరి పెద్ద చెరువును మనసున పెట్టుకొని కల్పించినది. చెరువుకట్ట ఒక భుజముగా, తక్కిన మూడు భుజములకు నూరు మీటర్ల తీగ చుట్టి దీర్ఘచతురస్రముగా మడి కట్టవలెను. మడి వైశాల్యము మిక్కిలి పెద్దది కావలెనన్న కొలతలెంత? తరగతిలో అవకలనము రానివారు లేరు. ఎంతటి ప్రమేయమిచ్చినను రెండు నిమిషములలో అవకలజము వ్రాయువారు. అయినను పెక్కుమంది కాగితములు తెల్లగానే మిగిలినవి. మిత్రుడు విసిగి ఆ కాగితములను నా బల్లమీద పడవేసి, ఇది మీ శాఖ రోగమేమో చూడుడనెను. నేను గణితములో అంత దూరము పోయినవాడను కాను. అందొక బాలికను పిలిచి లెక్కను మాటమాటగా చదివించితిని. తీగ ఎన్ని వైపుల అని అడిగితిని. మూడు వైపుల అనెను. అందు సమానములేవి అంటిని. ఒక క్షణమాలోచించి, కట్టకు అడ్డముగా పోవు రెండును అనెను. అంతే, ఆ ఒక్కొక్కదానిని వ అనుకొన్న మూడవది 100 నుండి 2వ తీసివేయగా వచ్చునది, వైశాల్యము ఆ రెండింటి లబ్ధము, అవకలజము సున్న యగునది వ 25 అయినపుడు, ఎదుటి భుజము 50, వైశాల్యము 1250 చదరపు మీటర్లు. ఇదంతయు ఆమె నిమిషములో ముగించెను. ఆమెకు రానిది కలనగణితము కాదు, వాక్యము.

మరునాడు తెలుగు తరగతిలో ఒంటెల లెక్కను చెప్పితిని. ఇది మహావీరుని ప్రకీర్ణకాధ్యాయములోనిది. ఒక మందలో నాలుగవ వంతు అడవిలో కనబడినది. మంద సంఖ్యకు వర్గమూలమెంతో దానికి రెండింతలు కొండచరియలకు పోయినవి. మిగిలిన పదునైదు ఏటి ఒడ్డున నున్నవి. మందలో ఎన్ని? మంద సంఖ్యకు వర్గమూలము య అనుకొన్నచో, మంద య వర్గము. అందు నాలుగవ వంతు, 2య, 15 కలిసిన మరల య వర్గమే కావలెను. సర్దిన 3 య వర్గము నుండి 8య, 60 తీసివేసిన సున్న. మూలములు 6, మరియు ఋణ మూడింట పది. వర్గమూలము ఋణము కారాదు గనుక య 6, ఒంటెలు 36. సరిచూచుకొనుడు: 9, 12, 15.

పూర్వులకు మన సూత్రము లేదు. వారి సూత్రము వేరు. నాలుగవ వంతు పోగా మిగిలినది ముప్పాతిక. దానితో 2ను భాగించి సగము చేసిన 4/3. దానితోనే 15ను భాగించిన 20. 4/3 వర్గమునకు 20 కూడిన 196/9; దాని మూలము 14/3; 4/3 కలిపిన 6; దాని వర్గము 36. మనము వర్గపూరణము అని పిలుచునది ఇదియే. గణితము తీసికొన్న పిల్లలు సైతము దీనిని చూచి, తాము బట్టీపట్టిన సూత్రము ఎక్కడనుండి పుట్టినదో అపుడు తెలిసికొన్నట్లు ముఖములు పెట్టిరి. ఒక బాలుడు, ఇందు య అను అక్షరమే లేకుండ ఎట్లు చేసిరని అడిగెను. మంచి ప్రశ్న. లెక్క అంతయు వాక్యములోనే జరిగినది. వాక్యమును సరిగా విన్నవానికి సమీకరణము అందే ఉన్నది. దానిని వినిపించవలెననిన వినువాని భాష కావలెను. మల్లన చేసిన పనియంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

అతని పని వంటిదే మన కాలమునను ఒకటి జరిగినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియెట్ గణితమునకు తెలుగు పాఠ్యగ్రంథములు వెలువరించినది. అవకలనము, సమాకలనము, అవధి, మాత్రిక, సదిశ, అదిశ మొదలగు పదములు ఆ పుస్తకములవలన బడిపిల్లల నోళ్ల స్థిరపడినవి. దిశతో కూడినది సదిశ. దిశ లేనిది అదిశ. వేగమునకు దిశ కలదు, బరువు తూచిన రాయి ద్రవ్యరాశికి లేదు. పేరు విన్నంతనే సగము పాఠము వచ్చినట్లే. ఆంగ్లమాధ్యమములో చదువు మా పిల్లలలో ఒకడు, వెక్టారు అనగా బాణపు గుర్తు గల అక్షరమని మాత్రమే ఎరిగినవాడు, సదిశ అను మాటను విడదీసి చెప్పగానే తల పైకెత్తెను. ఆంగ్లమున చదువుట తప్పని నేననను. ఉద్యోగములు ఎక్కడున్నవో వానికి నాకంటె బాగుగా తెలియును. అయినను వాడు తలయెత్తిన ఆ క్షణము నాకు మరపు రాదు.

మల్లన గణితము పండితుల పెట్టెలలో మాత్రమే దాగలేదు. లెక్కలు నేర్చువారు, కరణీకము చేయువారు దానిని తాటాకులపై ప్రతులు వ్రాసికొని వల్లెవేసిరి. అందు క్షేత్రగణితమునకు ఆదరమెక్కువ. ఎందులకన, శిస్తు పొలము కొలతను బట్టి వచ్చును. మహావీరుడు క్షేత్రఫలమును రెండు విధములుగా చెప్పెను: వ్యవహారమునకు చాలినంత స్థూలఫలము, శాస్త్రమునకు తగిన సూక్ష్మఫలము. వృత్తపరిధికి వ్యాసమును 3తో గుణించుట స్థూలము. 10 యొక్క వర్గమూలముతో గుణించుట సూక్ష్మమని ఆయన లెక్క. నాలుగు మూలల మడికి స్థూలఫలమనగా ఎదురెదురు భుజముల సగటులను తీసి గుణించుట. 30, 40 ఒక జత, 50, 60 ఒక జత యనుకొనుడు. సగటులు 35, 55, ఫలము 1925. ఈ పద్ధతిలో ఒక చిక్కు కలదు. మడి సరిగా దీర్ఘచతురస్రమైననే ఇది నిజము. మూలలు ఏ కొంచెము వంగినను వచ్చు ఫలము అసలుకంటె ఎక్కువయే గాని ఎన్నడును తక్కువ కాదు. కొలత ఎక్కువైనచో శిస్తును ఎక్కువ. అనగా తొందరలో స్థూలముగా కొలిచిన ప్రతిసారియు నష్టము రైతుదే. సూక్ష్మము తెలిసిన కరణమునకు, తెలియని కరణమునకు నడుమనున్న భేదము ఒక ఇంటి గాదెలో కనబడునట్టిది. గణితమును తెలుగు చేయుట సాహిత్యసేవ యని మాత్రమే తలచువారు ఈ సంగతిని కొంచెమాలోచింపవలెను.

మల్లన తరువాత ఈ దారి మూసుకొనిపోలేదు. ఎలుగంటి పెద్దన అను కవి భాస్కరుని లీలావతిని ప్రకీర్ణగణితమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లీలావతిలోని తుమ్మెదలు, హంసలు, పాము మీదికి దూకు నెమలి తెలుగువారి లెక్కలలోనికి అట్లు ప్రవేశించినవి. పెద్దన ఎదుట ఒక నమూనా ఉన్నది; మల్లనకు ఏదియు లేదు. హరణమును, భాగమును, శేషమును, మూలమును తెలుగు వాక్యములో ఏ విభక్తితో నిలుపవలెనో, ప్రశ్నను పద్యములో ఎక్కడ ఆపి జవాబునకు తావీయవలెనో అతడు తానే తేల్చుకొనవలసివచ్చెను. కావ్యభాషకు నన్నయ చేసినది ఎంతటిదో, లెక్కల తెలుగునకు మల్లన చేసినది అంతటిది. ఈ యేడు నుండి మా తరగతిలో నన్నయ పాఠము ముగిసిన మరునాడే ఒంటెల లెక్కను నల్లబల్లమీద వ్రాయుచున్నాను. జవాబు చెప్పినవారినే మల్లన ఊరేదో కూడ చెప్పుమని అడుగుచున్నాను.